రంగుల అర్థం అడిగే ముందు: ప్రత్యక్షపు గుడారాన్ని చదవడం ఎలా?

సండే స్కూలు గోడ మీద ఒక చార్టు ఉంటుంది. నీలం పరలోకానికి, ఊదా రాజరికానికి, ఎరుపు రక్తానికి, తెలుపు పవిత్రతకు గుర్తు. పిల్లలు పది నిమిషాల్లో అప్పజెప్పేస్తారు. నేనూ ఆ చార్టుతోనే మొదలుపెట్టాను. తర్వాత ఒకసారి నిర్గమకాండం 25 నుంచి 40 వరకు నిదానంగా చదువుకుంటూ వెళ్తే, ఆ పదహారు అధ్యాయాల్లో ఏ రంగుకూ అర్థం చెప్పలేదని గమనించాను. తెర ఎన్ని మూరలో, కొలుకులు ఎన్నో, దిమ్మలు ఏ లోహంతో పోయాలో అన్నీ చెప్పిన గ్రంథం, రంగు దగ్గరికి వచ్చేసరికి పేరు మాత్రం చెప్పి ముందుకు సాగిపోతుంది.

చార్టు తప్పని అనడం లేదు. అది దారి చివర దొరికేది. మనం దాన్ని మొదట్లోనే పిల్లల చేతిలో పెడుతున్నాం. ఒక రంగు ఎక్కడ ఉంది, దేనితో అద్దారు, ఎవరి కంట పడేది అన్న మూడు ప్రశ్నలకు జవాబు వెతికి, ఆ తర్వాత అర్థం దగ్గరికి వెళ్తే అదే చార్టు ఇంకోలా కనిపిస్తుంది. బైబిలు కొత్తగా పట్టుకున్నవారు కూడా చేయగలిగేలా ఆ పద్ధతి ఇక్కడ చెబుతున్నాను.

కావలసినవి పెద్దగా ఏమీ లేవు. ఒక తెలుగు బైబిలు, గీతల్లేని నోటుపుస్తకం, నీలం, ఊదా, ఎరుపు, పసుపు రంగు పెన్సిళ్లు. దొరికితే నాలుగు ఊలు దారాలు. రోజుకు అరగంట చొప్పున రెండు వారాలు పెట్టుకోండి. తొందరపడితే ఇది పట్టుబడదు.

1. ముందు పేర్లు రాసుకోండి

నిర్గమకాండం 25:4 తీయండి. నీల, ధూమ్ర, రక్తవర్ణాలు, సన్నపు నార అని నాలుగు పేర్లు కనిపిస్తాయి. వాటి ఎదురుగా హీబ్రూ పేర్లు రాయండి: తెఖేలెత్, అర్గామాన్, తోలఅత్ షానీ, షేష్. ఇవి మన బళ్లో నేర్చుకునే రంగుల పేర్ల లాంటివి కావు. మొదటి మూడూ అద్దకం వేసిన ఊలుకు పేర్లు, నాలుగోది నారబట్టకు పేరు. అంటే ఇశ్రాయేలీయుడు తెఖేలెత్ అన్నప్పుడు అతని మనసులో మెదిలేది ఆకాశం కాదు, చేతిలో పట్టుకోగల ఖరీదైన నీలి ఊలు.

తెలుగు అనువాదకులు ఎంచుకున్న మాటలను కాస్త గమనించండి, చాలా నేర్పుతాయి. అర్గామాన్‌కు వాళ్లు ధూమ్రం అన్నారు. పొగ రంగు అని దాటేయకండి. మన పాత నిఘంటువులు ధూమ్రానికి నలుపు కలిసిన ఎరుపు అని అర్థం చెబుతాయి. రోమన్ రచయిత ప్లినీ కూడా తూరు పట్టణపు మేలైన ఊదాను గడ్డకట్టిన నెత్తురుతో పోల్చాడు. పైకి నల్లగా ఉండి, వెలుతురుకు పట్టి చూస్తే మెరుస్తుందన్నాడు. ఇప్పటి బట్టల కొట్లో దొరికే వంకాయ రంగు కంటే మన ధూమ్రమే దానికి దగ్గర. కొత్త నిబంధనలో లూదియ దగ్గరికి వచ్చేసరికి మాట ఊదాగా మారుతుంది. పైగా ఆమె ఊదారంగు పొడి అమ్మేదని తెలుగులో ఉంది. గ్రీకు మాటలో పొడి లేదు, ఊదా అమ్మే స్త్రీ అనే ఉంది. అది రంగు కావచ్చు, రంగు వేసిన బట్టా కావచ్చు.

ఇక యెహోషువ 2లో రాహాబు కిటికీకి కట్టిన దారాన్ని చూడండి. అక్కడ తొగరుదారం అన్నారు. తొగరు అంటే వేరు నుంచి ఎర్ర రంగు తీసే మన చెట్టు. హీబ్రూలో అద్దకపు పేరు ఉన్నచోట తెలుగులోనూ అద్దకపు పేరే పెట్టారు. ఆ అనువాదకులకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

2. రంగు ఎక్కడ పుట్టిందో తెలుసుకోండి

ఈ మెట్టు చాలామంది దాటేస్తారు. నా మటుకు నాకు తాళంచెవి ఇక్కడే దొరికింది.

నీలం, ధూమ్రం రెండూ మధ్యధరా సముద్రపు నత్తల నుంచి వచ్చేవి. నత్త గ్రంథిలో ఉండే ద్రవం గాలి తగిలితే రంగు తిరుగుతుంది. 1909లో పాల్ ఫ్రీడ్‌లెండర్ అనే రసాయన శాస్త్రవేత్త ఆ ఊదా దేనితో తయారైందో తేల్చడానికి 12,000 నత్తలను పిండితే చివరికి చేతికి వచ్చింది 1.4 గ్రాముల రంగు. గుడారపు తెరల కొలతలు చదివేటప్పుడు ఈ లెక్కను పక్కన పెట్టుకోండి. ఒక్కో తెర 28 మూరల పొడవు, 4 మూరల వెడల్పు, అలాంటివి పది. మూర అంటే సుమారు 45 సెంటీమీటర్లు. సముద్రానికి దూరంగా, ఎడారిలో గుడారం వేసుకున్న జనం దగ్గర ఈ ఊలు అడగడమంటే, ఇంట్లో దాచుకున్న అత్యంత విలువైనది అడగడమే. ఆ కాలానికి దగ్గరి నమూనా ఒకటి దొరికింది కూడా. ఇశ్రాయేలు దక్షిణాన తిమ్నా లోయలోని రాగి గనుల దగ్గర, నత్త రంగు అద్దిన బట్ట ముక్కలు బయటపడ్డాయని 2021లో పరిశోధకులు ప్రకటించారు. వాటి వయసు సుమారు 3,000 ఏళ్లు. అంటే దావీదు, సొలొమోనుల రోజులు.

నీలం సంగతి ఇంకా ఆసక్తికరం. ఆ తెఖేలెత్ అద్దే విద్య మధ్యయుగాల నాటికి మరుగునపడిపోయింది. 1980ల్లో ఒటో ఎల్స్‌నర్ అనే ఇశ్రాయేలు రసాయన శాస్త్రవేత్త, ఒక జాతి నత్త రంగును అద్దకపు తొట్టిలో ఉండగానే ఎండకు పెడితే ఊదా పోయి నీలం వస్తుందని గమనించాడు. ఎండలో మిగిలే ఆ నీలం మరేదో కాదు, మన నీలిమందు చెట్టులో ఉండే పదార్థమే. రెండింటికీ తేడా కంటికి తెలియదు. అయినా యూదు పండితులు మొక్క నుంచి తీసిన నీలాన్ని నకిలీ అన్నారు, బట్ట అంచులకు కట్టుకునే కుచ్చులకు దాన్ని వాడి తెఖేలెత్ అని చెప్పడం మోసమన్నారు. కంటికి ఒకేలా కనిపించినా పుట్టుక వేరైతే చెల్లదు. చార్టులో నీలం పెన్సిలుతో రంగు నింపినంత మాత్రాన తెఖేలెత్ అర్థం కాదని నాకు ఇక్కడే తెలిసింది.

ఎరుపు నత్తది కాదు, పురుగుది. తోలఅత్ అంటేనే పురుగు. సింధూర జాతి చెట్లకు అంటుకుని బతికే చిన్న పురుగులను ఎండబెట్టి, నూరి రంగు తీసేవారు. మన లక్కపురుగుకు చుట్టం అనుకోండి. యూదయ ఎడారిలోని ఒక గుహలో దొరికిన, దాదాపు 3,800 ఏళ్ల నాటి ఎర్ర బట్ట ముక్కలో ఈ పురుగు రంగే ఉందని 2024లో తేలింది. 22వ కీర్తనలో బాధపడుతున్న మనిషి తనను పురుగుతో పోల్చుకున్నప్పుడు హీబ్రూలో ఉన్నది ఇదే తోలఅత్. ఇక్కడ కొందరు బోధకులు, పురుగు చెట్టుకు అతుక్కుని చచ్చి మూడో రోజున తెల్లబడుతుందని ఒక కథ చేర్చి చెబుతుంటారు. ఆ కథ బైబిల్లో లేదు. ఒక్క మాట కలవడమే చాలు, దానికి అతుకులు వేయనక్కర్లేదు.

నారకు అద్దకం లేదు. అవిసె నారను వడికి, చలువ చేసి తెల్లగా తెచ్చేవారు.

3. గుడారాన్ని గీయండి, బయటి నుంచి లోపలికి నడవండి

నోటులో పొడవు 100, వెడల్పు 50 మూరలకు సరిపడేలా ఒక దీర్ఘచతురస్రం గీయండి. అది ఆవరణ. చుట్టూ సన్ననార తెరలు, ఎత్తు 5 మూరలు. అంటే రెండు మీటర్ల పైచిలుకు తెల్ల గోడ. బయట నిలబడినవారికి లోపల ఏముందో కనిపించదు. తూర్పున ద్వారం, 20 మూరలు. అక్కడ మాత్రం నీలం, ధూమ్రం, ఎరుపు కలిపిన తెర. పేదవాడైనా, గొర్రెపిల్లను భుజాన వేసుకొచ్చిన కాపరైనా ఆ మూడు రంగులనూ చూడగలడు.

లోపలికి వెళ్తే గుడారపు గుమ్మం, దానికీ ఆ మూడు రంగుల తెరే. ఇంకా లోపలికి, అతిపరిశుద్ధస్థలానికి ముందు అడ్డతెర, దానికీ అవే రంగులు. మరి తేడా ఏమిటి? నిర్గమకాండం 26:31, 26:36, 27:16 పక్కపక్కన పెట్టి చదవండి. అడ్డతెరలోనూ లోపలి తెరల్లోనూ కెరూబుల బొమ్మలు నేసి ఉంటాయి. గుమ్మం తెరకూ ఆవరణ ద్వారపు తెరకూ అవి లేవు, బుటా పని మాత్రం ఉంది. రంగు ఒకటే, పనితనం లోపలికి వెళ్లేకొద్దీ పెరుగుతుంది. లోహం కూడా అంతే: ఆవరణ స్తంభాలకు ఇత్తడి దిమ్మలు, మందిరపు పలకలకు వెండి దిమ్మలు, లోపలి వస్తువులకు బంగారం.

లోపలి ఆ రంగుల తెరలు పదింటి మీద మేక వెండ్రుకల కంబళ్లు కప్పారు, వాటి మీద ఎర్ర రంగు వేసిన పొట్టేళ్ల తోళ్లు, ఆపైన ఇంకో తోళ్ల కప్పు. బయటి నుంచి చూసేవారికి అది మామూలు గుడారమే. ఆ నీలాన్ని తలెత్తి చూడగలిగింది లోపల దీపం వెలిగించే యాజకుడొక్కడే. మీ బొమ్మలో తెలుపు, రంగు, తోలు ఎక్కడెక్కడ ఉన్నాయో పెన్సిలుతో నింపేదాకా తర్వాతి మెట్టుకు వెళ్లవద్దు.

4. ప్రధాన యాజకుడి బట్టలు, గుడారం ప్రయాణం

నిర్గమకాండం 28లో ఏఫోదు ఉంది: బంగారం, నీలం, ధూమ్రం, ఎరుపు, నార. అడ్డతెరలో ఉన్న నాలుగూ ఇక్కడ ఉన్నాయి, వాటికి బంగారపు తీగ చేరింది. ఆ మనిషి నడుస్తుంటే గుడారపు లోపలి భాగమే బయటికి నడిచి వచ్చినట్టు ఉండేది. ఏఫోదు కింద వేసుకునే నిలువుటంగీ పూర్తిగా నీలం. అంచున మూడు రంగుల దానిమ్మపండ్లు, బంగారు గంటలు. ఈ బట్టలు ఎందుకో మాత్రం 28:2లో ఉంది: ఘనత కోసం, అలంకారం కోసం. అందం కోసం అని దేవుడే చెప్పినచోట మనం అందాన్ని దాటేసి గూఢార్థానికి పరిగెత్తడం నాకు సరైనదిగా తోచదు.

ఇంకో సంగతి. ఊలు, నార కలిపి నేసిన బట్ట సామాన్య ఇశ్రాయేలీయుడు కట్టకూడదని ద్వితీయోపదేశకాండం 22:11 చెబుతుంది. యాజక వస్త్రాల్లో మాత్రం రంగు ఊలూ నారా కలిసే ఉన్నాయి. ఆ కలయిక పరిశుద్ధస్థలానికే కేటాయించినది.

ఇప్పుడు లేవీయకాండం 16 తీయండి. ఏడాదికి ఒక్కసారి, ప్రాయశ్చిత్త దినాన, ప్రధాన యాజకుడు అతిపరిశుద్ధస్థలంలోకి వెళ్లాలి. ఆ రోజు బంగారం, నీలం అన్నీ విప్పేసి, వట్టి నారబట్టలతో వెళ్తాడు. జనం ముందు రంగులతో నిలిచినవాడు దేవుని సన్నిధికి ఏ రంగూ లేకుండా వెళ్లాడు. తెలుపును గురించి వంద చార్టులు చెప్పలేనిది ఈ ఒక్క దృశ్యం చెబుతుంది.

తర్వాత సంఖ్యాకాండం 4. పాళెం కదిలేటప్పుడు దేని మీద ఏ బట్ట కప్పాలో అక్కడ ఉంది. సన్నిధి రొట్టెల బల్లకు నీలం, దాని మీద ఎరుపు, పైన తోలు. దీపవృక్షానికి నీలం, పైన తోలు. బలిపీఠానికి బూడిద తీసి ధూమ్రం, పైన తోలు. మందసానికి మాత్రం క్రమం తిరగబడింది: అడ్డతెర, దాని మీద తోలు, అన్నిటికంటే పైన నీలం. ఎడారిలో లేవీయులు బరువులు మోసుకుంటూ పోతుంటే దూరం నుంచి మందసం ఒక్కటే నీలంగా కనిపించేది. నీలానికి దేవుని సన్నిధితో ముడి ఉందని చెప్పాలంటే, నాకు తెలిసినంతలో ఇంతకంటే గట్టి ఆధారం లేదు.

5. ఒక దారం పట్టుకుని చివరిదాకా వెళ్లండి

నాలుగు రంగులూ ఒకేసారి వెంటాడితే చిక్కుపడతారు. ఎరుపుతో మొదలుపెట్టండి. కుష్ఠు నుంచి బాగుపడినవాణ్ని శుద్ధి చేసేటప్పుడు దేవదారు కర్ర, ఎర్ర నూలు, హిస్సోపు వాడతారు (లేవీయకాండం 14). ఎర్రని పెయ్యను కాల్చేటప్పుడూ ఇవే మూడింటిని మంటలో వేస్తారు (సంఖ్యాకాండం 19). రాహాబు కిటికీ చూశాం. యెషయా 1:18లో పాపాన్ని ఎరుపుతో పోల్చినప్పుడు తెలుగులో రక్తం, కెంపు అన్నారు. హీబ్రూలో అక్కడ ఉన్నవి షానీ, తోలా అనే అద్దకపు మాటలే. పటిక వేసి అద్దిన ఎరుపు ఎంత ఉతికినా పోదని అద్దకం తెలిసిన ప్రతి ఇంటికీ తెలుసు. అది తిరిగి పచ్చి ఊలులా తెల్లబడుతుందని చెప్పడం ఎంత పెద్ద మాటో అప్పుడు అర్థమవుతుంది.

మత్తయి 27లో సైనికులు యేసుకు తొడిగింది ఎర్రని అంగీ. మార్కు, యోహాను అది ఊదా అన్నారు. సైనికుడి ఎర్ర బట్టను రాజు ఊదాగా భావించి ఎగతాళి చేశారని చాలామంది వ్యాఖ్యాతలు వివరిస్తారు. ఇక ప్రకటన 17లో ధూమ్ర, రక్తవర్ణాలు కట్టుకున్న స్త్రీ బబులోను. శుద్ధి చేసిన దారమూ, మత్తెక్కిన నగరం కట్టుకున్న బట్టా ఒకే రంగు.

నీలానికీ ఇదే పరీక్ష పెట్టండి. యిర్మీయా 10:9లో నీల, ధూమ్ర వస్త్రాలు కట్టింది విగ్రహాలకు. యెహెజ్కేలు 23లో నీలం కట్టుకున్నవారు అష్షూరు అధికారులు. నీలం అంటే పరలోకం అని ఒక్క మాటలో చెప్పేస్తే ఈ వచనాల దగ్గర నోరు పెగలదు. రంగు తనంతట తాను పరిశుద్ధం కాదు. ఎవరి ఒంటి మీద, ఏ గుమ్మానికి ఉందన్నదే తేల్చుతుంది.

6. ఎవరు చెప్పారో గళ్లు గీసి విడదీయండి

పుటను మూడు నిలువు గళ్లుగా చేయండి. మొదటి గడిలో వచనంలోనే ఉన్న అర్థాలు. ఇవి చాలా తక్కువ. ప్రకటన 19:8లో గొర్రెపిల్ల భార్య కట్టుకున్న సన్ననార పరిశుద్ధుల నీతిక్రియలని అక్కడే రాసి ఉంది. దాన్ని నిస్సంకోచంగా ఈ గడిలో వేయండి.

రెండో గడి పాత యూదుల మాట. మొదటి శతాబ్దపు చరిత్రకారుడు జోసెఫస్, హేరోదు కట్టిన దేవాలయపు తెర రంగులను ఇలా వివరించాడు: ఎరుపు అగ్ని, నార భూమి, నీలం గాలి, ధూమ్రం సముద్రం. నార భూమిలో మొలుస్తుంది కాబట్టి భూమి, ధూమ్రం నత్త నుంచి వస్తుంది కాబట్టి సముద్రం అన్నాడు. రాజు లేడు, రక్తం లేదు. తెర మొత్తం సృష్టికి ప్రతిరూపం. యేసు కాలానికి దగ్గరగా ఆ తెరను ఎరిగిన యూదుడు చెప్పింది ఇది. తల్మూదులో రబ్బీ మెయిర్ నీలాన్ని సముద్రంతో, సముద్రాన్ని ఆకాశంతో, ఆకాశాన్ని దేవుని సింహాసనంతో పోల్చుకుంటూ మెట్లెక్కుతాడు. చార్టులోని నీలానికి దగ్గరి పూర్వీకుడు ఈయనే.

మూడో గడి క్రైస్తవులది. హెబ్రీ పత్రిక అడ్డతెరను క్రీస్తు శరీరమని చెబుతుంది, కానీ తెర రంగుల ఊసెత్తదు. రాహాబు దారాన్ని క్రీస్తు రక్తానికి గుర్తుగా చూసినవారిలో తొలివాడు మొదటి శతాబ్దాంతపు రోమా సంఘ పెద్ద క్లెమెంతు. 19వ శతాబ్దంలో హెన్రీ సోల్టా వంటి బ్రదరన్ బోధకులు ఒక్కో రంగునూ క్రీస్తు గుణాలతో జత చేసి పుస్తకాలు రాశారు. నీలం పైనుంచి వచ్చినవాడు, ధూమ్రం రాజు, ఎరుపు శ్రమపడినవాడు, నార పాపం లేనివాడు అనే పాఠం, వాటికి నాలుగు సువార్తలను జత చేయడం, ఈ తరహా బోధలోనే బాగా పాతుకుంది. మన దగ్గర 1836లో నరసాపురం ప్రాంతంలో మొదలైన గోదావరి డెల్టా మిషను కూడా ఆ బ్రదరన్ కుదురుదే. ఈ పాఠం నాకు ప్రియమైనదే. క్రీస్తును నమ్మినవారు వెనక్కి తిరిగి చూసి గుడారంలో ఆయన్ను గుర్తుపట్టడం విశ్వాసం చేసే పని. దాన్ని మూడో గడిలో రాసుకుంటే దాని విలువ తగ్గదు.

7. గుడి రంగులను వీటితో కలపకండి

శ్రమదినాల్లో బల్ల మీద పరిచే ఊదా బట్ట గుడారపు ధూమ్రం నుంచి నేరుగా రాలేదు. 12వ శతాబ్దాంతంలో పండుగకో రంగు అనే ఏర్పాటును వివరంగా రాసినవారిలో ముఖ్యుడు, తర్వాత పోపు మూడో ఇన్నోసెంట్ అయిన వ్యక్తి. ఆయన చెప్పిన ప్రధాన రంగులు తెలుపు, ఎరుపు, నలుపు, ఆకుపచ్చ. ఊదాను నలుపుకు బదులుగా వాడేవారు, దుఃఖానికి, పశ్చాత్తాపానికి. 1570 నాటి రోమన్ పూజాగ్రంథంతో ఆ క్రమం స్థిరపడింది. కథోలికులు, లూథరన్లు, సీఎస్‌ఐ వారు క్రిస్మస్‌కూ ఈస్టరుకూ తెలుపు, పెంతెకొస్తుకు ఎరుపు, మామూలు ఆదివారాలకు ఆకుపచ్చ వాడేది ఈ వరుసలోనే. అందులో నీలం లేదని గమనించండి.

సెలవుల బైబిలు బడిలో (వీబీఎస్) పిల్లలకు చూపించే అక్షరాల్లేని రంగుల పుస్తకం కూడా వేరే సంగతి. 1866లో లండన్ బోధకుడు స్పర్జన్ నలుపు, ఎరుపు, తెలుపు పుటలతో దాన్ని చూపించాడు. 1875లో మూడీ బంగారు పుట చేర్చాడు. ఆకుపచ్చ తర్వాత వచ్చింది.

8. చివరిగా ఒక్క దారం

సంఖ్యాకాండం 15:38, 39 చదవండి. ప్రతి ఇశ్రాయేలీయుడూ తన బట్ట అంచులకు కుచ్చులు చేసుకుని, వాటిలో ఒక నీలి దారం కట్టాలి. ఎందుకో కూడా ఉంది: ఆ కుచ్చును చూసి ఆజ్ఞలు జ్ఞాపకం చేసుకోవడానికి. ప్రధాన యాజకుడి నిలువుటంగీ మొత్తం ఏ నీలమో, అందులోంచి ఒక్క పోగు పొలంలో పనిచేసేవాడి అంచుకూ దక్కింది. రంగు కరువైన తర్వాత యూదులు వెయ్యేళ్లకు పైగా ఆ కుచ్చును తెల్ల దారాలతోనే కట్టుకున్నారు.

మీ దగ్గరున్న ఊలులో మూడు తెల్ల పోగులు, ఒక నీలి పోగు తీసుకుని ముడివేయండి. మీ గుడారం బొమ్మ ఉన్న పుటకు అంటించండి. ఎక్కడ అంటించాలో మీరే చూసుకోండి: ఆ తెల్ల గోడకు బయట, జనం నిలబడే చోట.